స్నేహితులతో ట్రాక్ డేకి వెళ్ళి బండి బాగా తోలడం ఎలా నేర్చుకోవాలి

కడపలో బండి పిచ్చి ఉన్నవాళ్ళకి ఆదివారం పొద్దున అంటే గువ్వలచెరువు ఘాటే. చీకటితో లేచి బయల్దేరడం, ఘాటు ఎక్కడం, పాలకోవా తినడం, దిగి రావడం. నేనూ, మా బావా, ఇంకో ఇద్దరు స్నేహితులూ మూడేళ్ళు అదే చేశాం, ప్రతి వారం కొంచెం కొంచెం బాగుపడుతున్నామనే అనుకున్నాం. ట్రాక్ మీద మొదటి రోజు తెలిసింది, మాకు మెరుగైంది ధైర్యం ఒక్కటే, తోలడం కాదని. మలుపు అవతల నుంచి లారీ వస్తుందో, రోడ్డు మీద డీజిల్ కారి ఉందో, కంకర పడి ఉందో తెలియని చోట ఒళ్ళు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, బిగుసుకున్న చేతులతో బండి తిరగదు. పైగా అక్కడ మన తప్పుకి దెబ్బ తగిలేది మనకే కాదు, టీవీఎస్ ఎక్సెల్ మీద పాలు తీసుకుపోయే ఎవరో పెద్దాయనకి కూడా. కాబట్టి మొదటి మెట్టు ఇదే: వేగం నేర్చుకునే పని రోడ్డు మీద ఆపేయండి. ఘాటుకి వెళ్ళండి, కోవా తినండి, మామూలుగా తోలుకుంటూ రండి.

ట్రాక్ డే అంటే ఫీజు కట్టి మన బండిని రేసు ట్రాక్ మీద తోలే రోజు. ట్రాక్ మీద ఎదురు బండి రాదు. అదే మలుపు రోజులో 30 సార్లు వస్తుంది, ప్రతిసారీ ఒక చిన్న మార్పు చేసి చూడొచ్చు. మనకి అందుబాటులో ఉన్నది మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, చెన్నై - బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో. 1990లో మొదలైన ట్రాక్, ఒక రౌండు సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. కడప నుంచి రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి మీదుగా వెళ్తే ఐదారు గంటల ప్రయాణం. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, అది చిన్నది, 2 కిలోమీటర్ల పైచిలుకు, కానీ మనకి బాగా దూరం.

రెండు నెలల ముందు ఇంటి దగ్గర చేయాల్సినవి

ట్రాక్ ఫీజు కట్టాక నేర్చుకుందాంలే అనుకోవద్దు. అక్కడ సెషన్‌కి (ఒకసారి ట్రాక్ మీదికి వదిలే విడతకి) 15, 20 నిమిషాలే ఇస్తారు, ఆ నిమిషాలు చాలా ఖరీదైనవి. ఇంటి దగ్గర ఫ్రీగా నేర్చుకోగలిగినవి అక్కడికి మోసుకుపోకండి.

సెలవు రోజు ఏదైనా కాలేజీ గ్రౌండులోనో, ఖాళీ లేఅవుట్‌లోనో అడిగి పర్మిషన్ తీసుకోండి. పాత నీళ్ళ బాటిళ్ళలో ఇసుక పోసి నిలబెడితే అవే కోన్లు. రెండు బాటిళ్ళ చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పండి, మెల్లగా, క్లచ్ సగం పట్టుకుని, కాళ్ళు కింద పెట్టకుండా. ఇలా పది నిమిషాలు తిప్పితే మీకు ఏ వైపు తిరగడం భయమో తెలిసిపోతుంది. నాకు కుడి వైపు, మా బావకి ఎడమ వైపు. ఆ భయం ఉన్న వైపే రెండింతలు తిప్పండి.

తర్వాత బ్రేకులు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఒక గుర్తు దగ్గర బ్రేక్ మొదలుపెట్టి ఎక్కడ ఆగారో ఇటుక పెట్టండి. ముందు బ్రేక్ ఒక్కసారిగా గుంజకండి, మొదట కొంచెం పట్టి, బండి బరువు ముందు చక్రం మీదికి వచ్చి ఫోర్కు (ముందు షాకబ్జార్బర్) దిగాక అప్పుడు గట్టిగా నొక్కండి. ఆ అర సెకను తేడాలోనే అంతా ఉంది. బరువు రాకముందే నొక్కితే చక్రం జారుతుంది, వచ్చాక నొక్కితే అదే టైరు మీరు ఊహించనంత గట్టిగా నేలను పట్టుకుంటుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయినా ఇది నేర్చుకోవాల్సిందే. వారం వారం ఇటుక వెనక్కి జరుగుతూ వస్తుంటే మీరు సరిగ్గా చేస్తున్నట్టు.

ఇంకోటి, ఒంటికి. గుంజీళ్ళు తీయండి. నిజంగానే చెప్తున్నా, రోజూ యాభై. మలుపులో ఒళ్ళు నిలబెట్టేది చేతులు కాదు, తొడలు. తొడల్లో బలం లేనివాడు మధ్యాహ్నానికి హ్యాండిల్ పట్టుకుని వేలాడతాడు, అప్పటినుంచి బండి మాట వినడం మానేస్తుంది.

బండిని సిద్ధం చేయడం

పెద్ద బండి అవసరం లేదు. యమహా ఆర్15, కేటీఎం ఆర్‌సీ 200, అపాచీ 200, పల్సర్ ఎన్ఎస్200, ఇవన్నీ నేర్చుకోవడానికి మంచి బళ్ళు. ఇంకా చెప్పాలంటే చిన్న బండే మేలు, ఎందుకంటే మలుపులో చేసిన తప్పుని స్ట్రెయిట్‌లో ఇంజిన్ పవర్‌తో కప్పిపుచ్చుకోవడం కుదరదు.

వెళ్ళే ముందు వారం బ్రేక్ ప్యాడ్లు చూడండి, సగానికి పైగా అరిగి ఉంటే మార్చేయండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళు దాటి ఉంటే తప్పకుండా మార్పించండి. అది గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ట్రాక్ మీద రౌండు రౌండుకీ గట్టిగా బ్రేక్ వేస్తుంటే ఆ వేడి వస్తుంది, మరిగిన ఆయిల్‌లో బుడగలు పుట్టి లివర్ మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు.

టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, 2322 అని ఉంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఐదేళ్ళు దాటిన టైరు బటన్లు ఎంత బాగా కనిపించినా ట్రాక్‌కి వద్దు, మన ఎండల్లో రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. చైను లూజు స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) మీద స్టిక్కర్‌లో ఉన్నట్టు పెట్టించండి. ఆయిల్ ఒక్క చుక్క కారుతున్నా ట్రాక్ వాళ్ళు లోపలికి రానివ్వరు, అది సరైన పనే, ఆ చుక్క మీద జారేది వెనకాల వచ్చేవాడు. లిక్విడ్ కూల్డ్ బండి అయితే చాలా చోట్ల కూలెంట్ తీసేసి డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు, కూలెంట్‌లోని గ్లైకాల్ కింద పడితే జిడ్డుగా జారుతుంది, కడిగినా త్వరగా పోదు. ఇవన్నీ బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి అడగండి. అద్దాలు విప్పడం, లైట్లకి టేపు వేయడం, నంబరు ప్లేటు తీయడం అక్కడికి వెళ్ళాక అరగంట పని.

ఒంటికి వేసుకునే గేరు: ఫుల్ ఫేస్ హెల్మెట్, లెదర్ సూట్ (ఒకటే ముక్క గానీ, నడుము దగ్గర చుట్టూ జిప్ కలిసే రెండు ముక్కలు గానీ), మణికట్టు దాటే గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు, వీపుకి ప్రొటెక్టర్. కొనలేకపోతే అద్దెకి దొరుకుతాయి, కానీ బూట్లు, గ్లవ్స్ మీ సొంతవి ఉండాలి, వేళ్ళకి సరిపడని గ్లవ్‌తో బ్రేక్ లివర్ మీద పట్టు తెలియదు.

ప్రయాణం

బళ్ళు తోలుకుంటూ వెళ్ళొద్దు, ట్రాక్ దాకా అస్సలొద్దు. నలుగురు కలిసి వ్యాన్లో వేయించుకోండి, డీజిల్ ఖర్చు పంచుకుంటే ఎక్కువేం కాదు. దీనికి రెండు కారణాలున్నాయి. రోజంతా ట్రాక్ మీద తిరిగినవాడు సాయంత్రం రేణిగుంట రోడ్డు మీద లారీల మధ్య 250 కిలోమీటర్లు తోలితే కళ్ళు మూతపడతాయి. రెండోది, బండి పడి హ్యాండిల్ వంగితే ఇంటికి తెచ్చుకునే దారి ఉండదు. మామూలు బండి ఇన్సూరెన్స్ రేసులకి, స్పీడ్ టెస్టింగ్‌కి వర్తించదని పాలసీ కాగితంలోనే ఉంటుంది, చదువుకోండి. వ్యాన్లో బండి కట్టేటప్పుడు తాళ్ళు హ్యాండిల్ చివర్లకి కాకుండా ఫోర్కు కింది క్లాంపుకి వేసి, ఫోర్కు సగం దిగేదాకా బిగించండి.

ముందు రోజు సాయంత్రానికే చేరి నిద్రపోండి. అర్ధరాత్రి కడపలో బయల్దేరి తెల్లారి నేరుగా ట్రాక్ ఎక్కే పని ఒకసారి చేశాం, మధ్యాహ్నం నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. సామాన్లలో టైరు గాలి గేజీ, కాలి పంపు, అలెన్ కీలు, స్పేర్ క్లచ్ లివర్, బ్రేక్ లివర్, టేపు, జిప్ టైలు, పెద్ద చాప, గొడుగు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అరటిపళ్ళు, చెనక్కాయ ఉండలు. కడప ఎండలకి అలవాటు పడ్డవాళ్ళమే అయినా లెదర్ సూట్లో చెన్నై ఉక్క వేరే రకం. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి సెషన్‌కి ముందూ వెనకా తాగండి, దిగగానే సూట్ నడుము దాకా విప్పేయండి.

స్నేహితులతో ముందే చేసుకోవాల్సిన ఒప్పందం

ఈ మొత్తంలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. స్నేహితులతో వెళ్తే రెండింట్లో ఒకటే జరుగుతుంది. ఒకరితో ఒకరు పోటీపడి అందరూ అలాగే ఉండిపోతారు, లేదా ఒకరికొకరు కళ్ళుగా మారి అందరూ బాగుపడతారు. బండి మీద ఉన్నప్పుడు మీ మోచెయ్యి ఎలా ఉందో, తల ఎటు ఉందో, బ్రేక్ ఎప్పుడు వదిలారో మీకు తెలియదు. తెలిసిందనుకుంటారు, కానీ తెలియదు. అది చూసి చెప్పగలిగినవాడు బయట నిలబడ్డ స్నేహితుడే.

నా మొదటి ట్రాక్ డేలో ఆఖరి సెషన్‌లో ఇది అర్థమైంది. నా ముందు మా బావ ఉన్నాడు, రెండు రౌండ్లుగా అతని వెనక టైరే చూస్తున్నాను, బ్రేక్ వేయాల్సిన బోర్డు ఎప్పుడు దాటిపోయిందో చూడలేదు. అతను కొంచెం ఆలస్యంగా బ్రేక్ వేసి ఎలాగోలా తిరిగాడు, నేను నేరుగా మట్టిలోకి పోయి పడ్డాను. లివర్ విరిగింది, భుజం నెల రోజులు నొప్పి పెట్టింది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. పక్కవాడి టైరు చూస్తూ పోగొట్టుకున్న సెకను అది.

అందుకే ఇప్పుడు మేము పెట్టుకున్న పద్ధతి చెప్తాను. నలుగురుంటే వేర్వేరు గ్రూపుల్లో పేర్లు ఇవ్వండి, ఇద్దరు ట్రాక్ మీద ఉంటే ఇద్దరు బయట ఉంటారు. అందరూ కొత్తవాళ్ళయి ఒకే గ్రూపులో పడితే ఒకరి వెనక ఒకరు బయల్దేరకుండా మధ్యలో వేరే బళ్ళని పోనివ్వండి. బయట ఉన్న ఇద్దరిలో ఒకరు ఫోన్లో వీడియో తీయాలి, ఒకే మలుపు దగ్గర, అందరిదీ ఒకే కోణంలో. ఇంకొకరు నోట్‌బుక్‌లో రాయాలి. దిగాక చాప మీద కూర్చుని ముందు తోలినవాడు తనకి ఏమనిపించిందో చెప్పాలి, తర్వాత వీడియో చూడాలి, తర్వాత బయటివాళ్ళు ఒక్కటే మాట చెప్పాలి. ఒక్కటే. మూడు చెప్తే మూడూ పోతాయి. మొదటి మూడు సెషన్లు టైము చూడకూడదు, ఫోన్లో కూడా. "ఏం రా, ఇంత మెల్లగానా" అనే మాట రోజంతా ఎవరి నోటి నుంచీ రాకూడదు, ఆ ఒక్క మాట ఒక మనిషిని మట్టిలోకి తోసేయగలదు.

ట్రాక్ మీద: సెషన్‌కి ఒక్క పని

పొద్దున బ్రీఫింగ్ శ్రద్ధగా వినండి. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎర్ర జెండా అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదించి, ట్రాక్ పక్కన బళ్ళు ఆగే చోటైన పిట్‌కి రావాలి, ఒక్కసారిగా బ్రేక్ వేయకుండా. పసుపు మీద ఎర్ర చారలంటే రోడ్డు జారుతుంది. నల్ల జెండా మీకే చూపిస్తే లోపలికి రండి. గళ్ళ జెండా అంటే సెషన్ అయిపోయింది.

మొదటి సెషన్ అంతా కళ్ళకే ఇవ్వండి, వేగం 60 శాతం చాలు. మన పక్క మడక పట్టినవాళ్ళని చూసే ఉంటారు, సాలు వంకర పోకుండా ఉండాలంటే మడక కొన వైపు చూడరు, ఎదుటి గెనిమ మీద చెట్టుని చూస్తూ నడుస్తారు. బండీ అంతే. మలుపులోకి దిగే ముందే చూపు లోపలి అంచుకి పోవాలి, బండి అక్కడికి చేరేలోపు చూపు మలుపు బయటికి పోవాలి. తల ముందు తిరుగుతుంది, బండి వెనక వస్తుంది. ప్రతి మలుపుకి మూడు గుర్తులు పెట్టుకోండి: బ్రేక్ ఎక్కడ, తిప్పడం ఎక్కడ, లోపలి అంచుని తాకేది ఎక్కడ. బోర్డు, తారు మీద మరక, రంగు మారిన రాయి, కదలనిది ఏదైనా సరే. నీడని గుర్తు పెట్టుకోకండి, మధ్యాహ్నానికి జరిగిపోతుంది. టైర్లు వేడెక్కడానికి మొదటి రెండు రౌండ్లు ప్రతి సెషన్‌లోనూ మెల్లగానే పోవాలి.

రెండో సెషన్ దారి కోసం. కొత్తవాళ్ళందరూ మలుపులోకి త్వరగా దూరిపోతారు, లోపలి అంచుని ముందే తాకేస్తారు, చివర్లో రోడ్డు చాలక భయపడి థ్రాటిల్ మూసేస్తారు. ఓపిక పట్టి బయటి వైపునే ఇంకొంచెం ఆగి, ఆలస్యంగా తిప్పండి. అలా చేస్తే బయటికి వచ్చేసరికి బండి నిటారుగా ఉంటుంది, రైజ్ చేయడానికి రోడ్డు మిగులుతుంది.

మూడోది ఒంటి కోసం. మలుపు రాకముందే, బ్రేక్ వేసే ముందే, ఒక పిరుదు సీటు మీంచి సగం బయటికి జరపండి, బయటి తొడ ట్యాంకుకి గట్టిగా ఆనించండి, పాదం ముందు భాగం ఫుట్ పెగ్ మీద పెట్టండి. చేతులు ఎంత వదులుగా ఉండాలంటే మలుపు మధ్యలో మోచేతులు కోడి రెక్కల్లా ఆడించగలగాలి. ఆడించలేకపోతే హ్యాండిల్ మీద బరువు వేస్తున్నారని అర్థం. మోకాలు నేలకి తాకించాలని మాత్రం ప్రయత్నించకండి, దాని కోసం ఒళ్ళు వంకర్లు తిప్పినవాళ్ళే ఎక్కువ పడతారు. తాకే రోజు అదే తాకుతుంది.

బ్రేకూ థ్రాటిలూ నాలుగో సెషన్‌కి దాచుకోండి, ఇది అన్నిటికంటే కష్టం. టైరుకి ఉన్న పట్టు ఒకే బోరు నీళ్ళలాంటిది, దానికింద రెండు మళ్ళున్నాయి, ఒకటి బ్రేక్, ఒకటి మలుపు. ఒక మడికి పూర్తిగా వదిలితే రెండో దానికి నీళ్ళు రావు. కాబట్టి బండి నిటారుగా ఉన్నప్పుడే గట్టి బ్రేక్ అంతా అయిపోవాలి, వాల్చే కొద్దీ వేళ్ళు మెల్లగా వదులుతూ పోవాలి. బాగా అలవాటైనవాళ్ళు లోపలి అంచు దాకా కొంచెం బ్రేక్ ఉంచుతారు, మీరు మొదటి రోజే అది చేయకండి. లోపలి అంచు దాటి బండి లేవడం మొదలయ్యాక థ్రాటిల్ తెరవండి, బండి ఎంత లేస్తే అంత తెరవండి. మధ్యలో భయమేసి టక్కున మూసేస్తే బరువంతా ముందు చక్రం మీద పడి దారి చెడిపోతుంది. భయమేస్తే మూయకండి, తెరిచినంత అలాగే ఉంచి మీరు పోవాల్సిన వైపు చూడండి.

ప్రతి సెషన్‌కీ మధ్యలో దిగగానే వేడి మీదే టైరు గాలి కొలిచి రాసుకోండి. పొద్దున నీడలో చల్లగా ఉన్నప్పటి అంకె కంటే బాగా పెరిగిపోతుంటే మొదట పెట్టిన గాలి తక్కువైందని, టైరు ఎక్కువగా నలుగుతోందని. మీ టైరుకి ఎంత ఉండాలో అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి, పక్కవాడి బండి అంకె కాపీ కొట్టకండి.

అయిదో సెషన్‌లో కావాలంటే ఇద్దరు కలిసి తోలండి, ముందే మాట్లాడుకుని. రెండు రౌండ్లు ఒకరు ముందు, రెండు రౌండ్లు ఇంకొకరు ముందు, మధ్యలో కనీసం నాలుగైదు బళ్ళ దూరం. వెనకున్నవాడు చూడాల్సింది ముందువాడి టైరు కాదు, అతని మీంచి దూరంగా పోయే దారి. ఇక చేతులు నొప్పి పుడితే, ఒక గుర్తు రెండుసార్లు వరసగా తప్పితే, సెషన్ మధ్యలోనే చెయ్యెత్తి పిట్‌లోకి వచ్చేయండి. కట్టిన డబ్బులు పోతున్నాయని ఆఖరి సెషన్ సాగదీయొద్దు, మా గుంపులో ముగ్గురు పడింది ఆఖరి సెషన్‌లోనే.

ఇంటికి వచ్చాక

బండి రోడ్డెక్కే ముందు అద్దాలు, నంబరు ప్లేటు బిగించండి, లైట్ల టేపు తీయండి, టైరు గాలి కంపెనీ చెప్పిన అంకెకి తీసుకురండి, బ్రేక్ ప్యాడ్లు మళ్ళీ చూడండి. రేడియేటర్‌లో నీళ్ళు తీసేసి కూలెంట్ తిరిగి పోయించండి. నోట్‌బుక్‌లో ఒక్కొక్కరి పేరు కింద ఒక్కటే లైను రాయండి, ఈసారి కుదరనిది ఏమిటని. నాకు ఇప్పుడు రాసి ఉన్నది "కుడి మలుపుల్లో ఎడమ మోచెయ్యి బిగుస్తోంది". ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టుకోండి, ఆదివారం గ్రౌండులో బాటిళ్ళు నిలబెట్టినప్పుడు మొదట చేయాల్సింది అదే.